పరాయి ఆవుకే అవిసాకు

కస్తూరమ్మకు ముక్కు మీద కోపమని పళ్ళిపట్టు చుట్టుపక్కల పల్లెల్లో ఎవరినడిగినా చెప్పేవాళ్ళు. చెప్పేవాళ్ళకేం, నోరుంది చెప్తారు. ఆమె మెట్టిన ఇంట్లో ఎవరున్నా రోజుకు రెండుసార్లు కోపం వచ్చి తీరేది. మిగతావాళ్ళు దాన్ని మజ్జిగతో పాటు మింగేవాళ్ళు, ఈమె మింగేది కాదు. అంతే తేడా.

ఆమె పుట్టిల్లు తిరుత్తణికి అవతల ఒక చిన్న పల్లె. ఆ ఇంట్లో ఒక ఆచారముంది. కూతురు తొలికాన్పు అయి, బిడ్డనెత్తుకుని అత్తగారింటికి పోయేటప్పుడు తల్లి ఒక పెయ్యదూడను తోలి పంపుతుంది. పాల కోసం ఆ బిడ్డ ఎవరి గడపా తొక్కకూడదని. దూడ పలుపు కూతురి చేతికే ఇస్తారు. తర్వాత ఎప్పుడైనా దాన్ని అమ్మాలన్నా, ఎవరికైనా ఇవ్వాలన్నా ఆ కూతురే తన చేత్తో విప్పాలి. అత్త గానీ మొగుడు గానీ ఆ పలుపు మీద చెయ్యి వెయ్యకూడదు.

ఎమర్జెన్సీకి ముందు ఏడు ఆ ఇంట్లో అక్కాచెల్లెళ్ళిద్దరికీ తొలికాన్పులు. అదే ఏడు ఇంట్లోని రెండావులూ ఒకే నెలలో ఈనాయి. రెంటికీ అంతకుముందే పశువుల ఆసుపత్రిలో జెర్సీ సూది వేయించారు, రెండూ పెయ్యలే పుట్టాయి. ఎడమ చెవి కొసను కుక్క కొరికి చీల్చిన దాన్ని అక్క తిరుమలమ్మకిచ్చి ఆర్.కె.పేటకు పంపారు. నొసట తెల్లమచ్చ ఉన్నది కస్తూరమ్మ వెంట పళ్ళిపట్టు వైపు నడిచి వచ్చింది.

వచ్చింది గానీ, ఏమి తినడానికి వచ్చింది?

అత్త అలిమేలమ్మ ఆ ఇంటికి చట్టం. గొడ్ల కొట్టంలో ఆమె మాట ఒకటే. పాలిచ్చేదానికి గానుగ చెక్క, దున్నేదానికి చెక్క, ఊరికే నిలబడేదానికి గడ్డి. పెయ్య పాలివ్వదు, దున్నదు. కనుక దానికి వరిగడ్డి. పొద్దున వరిగడ్డి, రాత్రి వరిగడ్డి, మధ్యలో కుడితి తొట్టిలో అడుగున మిగిలిన నీళ్ళు. పెరిగేదానికే కదా తిండి ఎక్కువ కావాలని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. పాలిచ్చాక పెడతామంటారు. పెట్టకుండా పాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఈ ప్రశ్న కస్తూరమ్మ ఒకసారి అడిగింది. ఇంటికొచ్చిన కోడలు కొట్టం పెత్తనం అడుగుతున్నదని ఊరంతా చెప్పుకున్నారు.

నిజానికి ఆ కొట్టంలో చెక్కకు కరువొచ్చిన మాట అబద్ధం కాదు. ఒకప్పుడు ఊళ్ళోనే పచ్చయ్యప్ప గానుగ ఉండేది. చెనక్కాయలు తీసుకుపోతే నూనె గిన్నెలో, చెక్క గంపలో ఇంటికొచ్చేవి. మిల్లులొచ్చాక పచ్చయ్యప్ప గానుగ కట్టెల కింద పోయింది. కాయలు లారీలెక్కి మిల్లుకు పోయాయి. నూనె పట్నానికి, చెక్క మద్రాసు హార్బరు నుంచి ఓడల మీద సీమ ఆవులకు. పండించిన నేల మీద పుట్టిన పెయ్య వరిగడ్డి నములుతుంటే, దాని నోటి కాడ కూడు సముద్రం దాటిపోయింది. దీని మీద కోపం రానివాడికి అసలు కోపమే పుట్టలేదని నేనంటాను.

నాలుగేళ్ళు దాటాయి. పెయ్య ఏడాది దూడకన్నా కాస్త పెద్దగా, అంతే ఉంది. పొట్ట మాత్రం పెద్దది. వెన్ను పొడుచుకొచ్చింది, వెంట్రుక ఎర్రబారి గరుగ్గా లేచింది, తోక ఎత్తడానికి కూడా దానికి ఓపిక లేదు. ఎదకు రాలేదు. అలిమేలమ్మ దాన్ని చూసిన ప్రతిసారీ గొడ్డు, గొడ్డు అనసాగింది. ఆ మాట పెయ్యనే అన్నా పక్కన నిలబడ్డ ఆడదానికి కూడా ఎలా తగులుతుందో ఆమెకు తెలియదా? తెలుసు.

కస్తూరమ్మ ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా పెయ్యను పళ్ళిపట్టు పశువుల ఆసుపత్రికి తోలుకుపోయింది. జయరామన్ అనే డాక్టరు దాన్ని నిమిరి, కడుపులో చెయ్యిపెట్టి చూసి, చేతులు కడుక్కున్నాడు. ఆయన మద్రాసు వైపు మనిషి, తెలుగు తప్పులతోనే గానీ ఓపికగా మాట్లాడాడు. దీనికి రోగమేమీ లేదని, అన్నీ సరిగానే ఉన్నాయని, పెయ్య ఎదకొచ్చేది వయసును బట్టి కాదు, ఒంటిని బట్టి అని చెప్పాడు. ఒళ్ళు కట్టడానికి ప్రోటీన్ కావాలట. ఆ మాట అర్థం కాలేదని ఆమె మొహం చూసి, ఇంకోలా చెప్పాడు.

"ఒట్టి గడ్డితో కడుపు నిండుతుందమ్మా, ఒళ్ళు నిండదు. నిన్ను పప్పు లేకుండా, మజ్జిగ లేకుండా, రోజూ ఒట్టి కూడు తినమంటే నువ్వు ఎట్లా పెరుగుతావు?"

ఆమెను పెంచింది అట్లాగే. పుట్టింట్లో మగపిల్లలకు అడుగునున్న గట్టిపప్పు, ఆడపిల్లలకు పైనున్న తేట. ఆమె అన్న ఆరడుగులు, తను అతని భుజానికి రాదు. ఆ సంగతి డాక్టరుకు చెప్పాల్సిన పని లేదు. గడ్డిని అరిగించే కంటికి కనబడని పురుగులు పశువు కడుపులో ఉంటాయని, వాటిక్కూడా ఆ సత్తువే కావాలని, అది లేకపోతే తిన్న గడ్డి కూడా పేడై పోతుందే గానీ ఒంటపట్టదని ఆయన చెప్పాడు. చెక్క పెట్టండి, చెక్క దొరక్కపోతే చిక్కుడు, కంది, అలాంటి కాయ కాసే చెట్ల ఆకు రోజూ పెట్టండి అన్నాడు.

ఇంటికొచ్చి చెప్తే అలిమేలమ్మ నవ్వింది. చెక్క డాక్టరు అత్తగారింటి నుంచి వస్తుందేమో కనుక్కుని రమ్మంది. మొగుడు సుదర్శనం మంచివాడు. అంటే తల్లి ఎదుట నోరెత్తడు, పెళ్ళాం ఎదుట తలెత్తడు. ఆ రాత్రి అన్నం దగ్గర గొంతు సవరించుకుని, తిరుత్తణి నుంచి ఒక మనిషి ఆదివారం వచ్చి పెయ్యను చూస్తాడని, గొడ్డుదాన్ని కూడా కొనేవాడు దొరకడమే ఎక్కువని, పలుపు విప్పి ఇమ్మని చెప్పాడు. కస్తూరమ్మ కంచం ముందునుంచి లేచిపోయింది.

ఇక్కడ అవిసె చెట్ల సంగతి చెప్పాలి. వాళ్ళ చేని గట్టు మీద ఒక వరుస అవిసె చెట్లుండేవి. అరవంలో అగత్తి అంటారే, చిక్కుడులా పొడుగు కాయలు కాసేవి, అవే. ఒకప్పుడు తమలపాకు తోటకు ఆసరాగా నాటినవి. తోట పోయింది, చెట్లు మిగిలాయి. వాటి మీద ఆకుకు ఎప్పుడూ కొదవ లేదు. దాన్ని ముట్టుకునే హక్కు అలిమేలమ్మకే. ద్వాదశి నాడు ఇంట్లో కూరకు గుప్పెడు. మిగతాదంతా అమావాస్యకు. అమావాస్య పొద్దున ఆమె దోటితో కొమ్మలు లాగి, ఆకు కట్ట కట్టి, నెత్తిన పెట్టుకుని, బస్సెక్కి తిరుత్తణి పోయేది. పోయిన పెనిమిటి పేరు చెప్పి అక్కడ ఒక ఆవుకు ఆ ఆకు తినిపించేది. ఆవు నమిలితే పెద్దలు తిన్నట్టు. పెద్దలు తింటే ఇల్లు చల్లగా ఉన్నట్టు.

మరి ఇంట్లోని గొడ్లకు ఎందుకు పెట్టరు? పెట్టరు. సొంత ఆవుకు పెడితే మేత, పరాయి ఆవుకు పెడితే పుణ్యం. ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళందరిదీ ఇదే లెక్క. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఇక్కడ పెరటి ఆవు పుణ్యానికి పనికిరాలేదు. ఇంకా పెద్ద సంగతి ఏమిటంటే, డాక్టరు నోటితో కాయ కాసే చెట్టు ఆకని విని వచ్చిన కస్తూరమ్మకు కూడా అవిసె చెట్టు గుర్తు రాలేదు. రోజూ దాని కింద నుంచే నడిచింది. అది ఆమె కంటికి మేత కాదు, మామ వాటా. అంత కోపం ఉన్న మనిషికి కూడా కళ్ళు అంతలా మూసేస్తుంది ఆచారం.

ఆదివారానికి ముందే అమావాస్య వచ్చింది. అలిమేలమ్మకు మోకాళ్ళు వాచి లేవలేకపోయింది. కోడల్ని పిలిచి, పొరుగింటి పొన్నమ్మ వెంట పొమ్మంది. కస్తూరమ్మ కట్ట నెత్తినెత్తుకుంది. పొన్నమ్మ నెత్తిన ఆమె కట్ట. బస్సులో ఇద్దరి ఒళ్ళోనూ ఆకే.

తిరుత్తణిలో కొండకు పోయే దారిలో ఒక ఆవు కట్టేసి ఉంది. దాని యజమాని పేరు రాజమాణిక్యం. ఆవు పక్కనే అతని పెళ్ళాం గోనెపట్ట పరిచి అవిసాకు కట్టలు అమ్ముతున్నది. ఊరినుంచి తెచ్చుకోనివాళ్ళు ఆమె దగ్గర కొని ఆమె ఆవుకే పెడుతున్నారు. పెట్టి దణ్ణం కూడా పెడుతున్నారు. ఆవు తల ఎత్తకుండా నములుతున్నది. నల్లగా నిగనిగలాడే ఒళ్ళు, నిండు పొదుగు, పక్కన కొవ్వెక్కిన దూడ. కస్తూరమ్మ కట్ట విప్పి, దాని మూతి దగ్గరకు పోయింది. అప్పుడు చూసింది. ఎడమ చెవి కొస రెండుగా చీలి ఉంది.

మొదట నమ్మలేదు. వేలితో ఆ చెవి పట్టుకుని చూసింది. కుక్క కొరికినప్పుడు పసుపు అద్దిన చెవి అది, ఆ పసుపు అద్దింది తనే. ఈ ఆవు యాడిదని రాజమాణిక్యాన్ని అడిగింది. అతను దాచుకోవాల్సినవాడు కాదు, దాచుకోలేదు. ఆర్.కె.పేటలో ఒక ఇంట్లో గొడ్డని అమ్మేశారని, ఎముకలగూడును తోలుకొచ్చానని, ఇక్కడ కట్టేశాక ఏడాది తిరక్కుండా ఎదకొచ్చిందని చెప్పాడు.

"ఏం పెట్టినావు దానికి?" అని అడిగింది.

"నేనేం పెట్టేది అక్కా. మీరు పెట్టేదే. అమావాస్య, కిర్తిగ నచ్చత్రం, శుక్రవారం, ఏదో ఒక నాడు జనం తెస్తానే ఉంటారు. మిగిలిన ఆకు మిగతా దినాలకు. మీ పక్కనించి ఈయక్కతో కూడా ఒక పెద్దామె వస్తాది, ఆయమ్మ కట్ట లేకుండా ఒక్క అమావాస్య కూడా పోలేదు."

ఆ పెద్దామె ఎవరో అడగాల్సిన పని లేకపోయింది. రాజమాణిక్యం అంతటితో ఆగి ఉంటే ఏమయ్యేదో. అతను సంతోషంగా ఇంకొక మాటన్నాడు. "మీ పళ్ళిపట్టు పక్క ఇట్లాంటిదే ఇంకొకటి ఉండాదంట. నొసట మచ్చ. ఆదివారం పొయ్యి చూడాల."

కస్తూరమ్మకు కోపం నసాళానికి అంటింది. ఎవరి మీద? ఆలోచించే కొద్దీ అది అటూ ఇటూ తిరిగి చివరకు తన మీదికే వచ్చింది. తన గట్టు మీది ఆకు తిని అక్క పెయ్య ఆవైంది. తన పెయ్య గడ్డి తిని గొడ్డయింది. ఆదివారం తన పెయ్యను ఇతనికే అమ్ముతారు. మళ్ళీ అమావాస్యకు అత్త ఇదే కట్ట నెత్తిన పెట్టుకొచ్చి, కొట్టంలో ఉండగా పెట్టని ఆకును ఇక్కడ పరాయిదైపోయిన దాని నోట్లో పెట్టి దణ్ణం పెడుతుంది. అమ్మకు అన్నం పెట్టనివాడు పిన్నమ్మకు బంగారు గాజులు చేయించినట్టు. ఆమె రాజమాణిక్యాన్ని నిలదీసింది, సిగ్గు లేదా అంది. అతను నొచ్చుకోలేదు.

"మీరు అమ్మితిరి, నేను కొంటిని. మీరు పెడితిరి, అది తినింది. ఇందులో నా తప్పు యాడుండాది, చెప్పక్కా."

అది నిజమే. అందుకే ఇంకా మండింది. విప్పిన ఆకును ఒక్కొక్క రెమ్మా ఏరి, మళ్ళీ కట్ట కట్టింది. ఆవు మెడ చాచి మూతి పెట్టబోతే దాని మూతిని తోసేసింది. పొన్నమ్మ చెంపలు వాయించుకుంది. అమావాస్య నాడు ఆవు మూతి దగ్గరి ఆకు వెనక్కి తీసుకున్న ఆడదాన్ని ఆ దారిలో ఎవరూ చూసి ఉండరు. ఎండలో బస్సు కోసం నిలబడి, వాడిపోయిన ఆ కట్టను ఒళ్ళో పెట్టుకుని కస్తూరమ్మ ఊరికొచ్చింది. దారంతా పొన్నమ్మ ఆమెకు దూరంగా ఇంకో సీటులో కూర్చుంది.

ఇంటికొచ్చి నేరుగా కొట్టంలోకి పోయి కట్ట మొత్తం పెయ్య ముందు పడేసింది. పెయ్య ముందు వాసన చూసింది. తర్వాత కాడలు కూడా వదల్లేదు. అలిమేలమ్మ మోకాళ్ళ నొప్పి మర్చిపోయి గోడ పట్టుకుని లేచొచ్చింది. సుదర్శనం కూడా వచ్చాడు. పితృదేవతల నోటి కాడ కూడు లాగి గొడ్డుదానికి పెట్టావంది అత్త. ఇంటికి ఏ కీడు జరిగినా అది నీ తలకే అంది. ఆ మాట ఆమె భయంతోనే అన్నది, నటన కాదు. ఆమె ఇద్దరు బిడ్డలను పాడె ఎక్కించిన మనిషి, ఆ ఆకు వల్లే సుదర్శనం నిలబడ్డాడని నమ్మిన మనిషి. కస్తూరమ్మకు ఆ సంగతి తెలుసు. తెలిసీ తగ్గలేదు.

"పెద్దోళ్ళకు ఆకలైతే నా కల్లోకొచ్చి అడగమను అత్తా, వండి పెడతా. ఇది అడగలేదు కదా, నోరు లేదు కదా అని ఇన్నేండ్లు మాడిస్తిరి. గొడ్డని పేరు పెడితిరి. ఇది గొడ్డు కాదు. ఆకలి."

ఆదివారం రాజమాణిక్యం కొత్త పలుపు భుజాన వేసుకుని వచ్చాడు. కొట్టం ముందు కస్తూరమ్మను చూసి గతుక్కుమన్నాడు. సుదర్శనం పలుపు విప్పమన్నాడు. ఆమె గుంజకు వీపు ఆనించి కూర్చుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుంది, అంతే. అలిమేలమ్మ తనే విప్పడానికి వంగింది. అప్పుడు రాజమాణిక్యమే వద్దన్నాడు. పుట్టింటి పశువును ఆడపిల్ల తన చేత్తో ఇస్తేనే తనకు కావాలని, ఆర్.కె.పేటలోనూ ఆ ఇంటి కోడలే విప్పి ఇచ్చిందని, ఏడుపుతో వచ్చిన గొడ్డు నిలబడదని చెప్పి, ఇచ్చిన నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. పరాయివాడు పాటించిన మర్యాద ఇంటివాళ్ళు పాటించలేదు. కస్తూరమ్మ ఆ మాట మొగుడితో బతికినన్నాళ్ళూ అంటూనే ఉంది.

ఆ రోజు నుంచి దోటి ఆమెది. సాయంత్రం చేలో కలుపు పని కాగానే గట్టెక్కి ఆకు లాగేది. ఒక చెట్టు తర్వాత ఒక చెట్టు, మళ్ళీ చిగురు వచ్చేదాకా దాన్ని వదిలేసి ఇంకోటి. గడ్డితో కలిపి రోజూ పెయ్యకు ఆకు. అత్త ఆమెతో మాటలు మానేసింది. ఇంట్లో ఎవరు దగ్గినా అత్త కోడలి వైపు చూసేది. కస్తూరమ్మ కొడుక్కు జ్వరమొస్తే ఊళ్ళో ఆడవాళ్ళు పరామర్శకని వచ్చి, అమావాస్య సంగతి ఎత్తి పోయారు. ఆ జ్వరం ఉన్నన్నాళ్ళు కస్తూరమ్మ కూడా భయపడింది. భయపడుతూనే పోయి ఆకు కోసింది, పళ్ళు కొరుకుతూ కోసింది.

పెయ్య మెల్లగా తేరుకుంది. ముందు వెంట్రుక నునుపెక్కింది. వెన్ను కండలో మునిగింది. మరుసటి ఏడు వానలు పడి, గట్ల మీద పచ్చిక వచ్చేసరికి అది తాడు తెంపుకునేలా అరిచింది. కస్తూరమ్మ ఆ అరుపు విని వంటింట్లో గరిటె వదిలేసి పరుగెత్తింది. పళ్ళిపట్టులో డాక్టరు సూది వేశాడు. చూలు నిలబడింది. నెలలు నిండి పెయ్యదూడనే ఈనింది. జున్ను ఊరంతా తిన్నది. ఆ పాలతో మొదటి కాఫీ తాగింది ఎవరు? అలిమేలమ్మే. తాగి, మా ఇంటి ఆవు పాలు చిక్కన అని వాకిట్లో కూర్చుని అందరికీ చెప్పింది. గొడ్డన్న నోరే అది.

కస్తూరమ్మ గెలిచిందని ఇక్కడ ఆపేస్తే బాగుండును. ఆగలేదు.

ఆ తర్వాతి అమావాస్య పొద్దున వాకిట్లో పొన్నమ్మ. నెత్తిన అవిసాకు కట్ట. ఆమె వెనకాల ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళ నెత్తినా కట్టలే. తిరుత్తణి దాకా పోవడమెందుకు, లక్షణమైన ఆవు మీ కొట్టంలోనే ఉంది కదా, మాకు పరాయిదే కదా అని వాళ్ళ మాట. అలిమేలమ్మ చాప వేసి, లోపలికి రమ్మంటున్నది. కస్తూరమ్మ కొట్టం గుమ్మంలో నిలబడి ఆ కట్టల వంక చూసింది. పొన్నమ్మ ఇంట్లో ఒక పెయ్య ఉంది. వెన్ను పొడుచుకొచ్చి, పొట్ట జారి, గడ్డి నములుతూ. ఆ ఇంట్లో దాన్ని ఏమని పిలుస్తారో కస్తూరమ్మకు తెలుసు. తాను ఇప్పుడు రాజమాణిక్యం అయి నిలబడి ఉంది.

"మీ ఇంట్లో దాని నోరేమైందే పొన్నక్కా?" అని అడిగింది.

పొన్నమ్మ అర్థం కానట్టు చూసింది. సొంతదానికి పెడితే పుణ్యం రాదు కదా అంది, చిన్నపిల్లకు చెప్పినట్టు. తిరుత్తణిలో అంతా చూసి, ఆ బస్సులో కూర్చుని, ఈ పెయ్య మారడం రోజూ గోడ మీంచి చూసి కూడా ఆమెకు తట్టింది అదే. కస్తూరమ్మ ఆమె నెత్తి మీది కట్ట లాక్కుంది. వీధిలోకి దిగి పక్కనున్న పొన్నమ్మ ఇంటి కొట్టంలోకి పోయింది. ఆడవాళ్ళు కేకలేస్తూ వెంటపడ్డారు.

"నీకు సొంతదే, నాకు పరాయిది," అంది పొన్నమ్మతో. "నేను పెడతా. పుణ్యం నాకు రానీ."

పెయ్య మూతి దగ్గర ఆకు వేసి, అది తినేదాకా అక్కడే నిలబడింది. పొన్నమ్మ కాసేపు గొణిగింది. తర్వాత ఆలోచించింది. మరుసటి రోజు పొన్నమ్మ అవిసాకు తెచ్చి కస్తూరమ్మ కొట్టంలోని కొత్త దూడకు పెట్టి, లెక్క సరిపోయిందన్నట్టు వెళ్ళింది. కస్తూరమ్మ తన గట్టు మీది ఆకు తీసుకుపోయి పొన్నమ్మ పెయ్యకు పెట్టింది. ఇంకో ఇంటివాళ్ళు ఇంకో ఇంటి పెయ్యకు. తలా ఒక కట్ట నెత్తినెత్తుకుని వీధిలో ఒకరికొకరు ఎదురుగా పోయేవాళ్ళు, ఎవరి కొట్టం వాళ్ళు దాటుకుని. చూసినవాడెవడైనా నవ్వుతాడు. కస్తూరమ్మ నవ్వలేదు. బుద్ధి రాలేదు గానీ ఆకు వచ్చింది, అదైనా చాలు అనేది పళ్ళు బిగించి.

ముసలితనంలో కూడా ఆమె అమావాస్యకు పరాయి కొట్టానికి ఆకు పంపడం మానలేదు. దోటి పట్టుకోలేకపోతే కోడలి చేత లాగించేది. ఒకనాడు ఆ కోడలే, అత్తా మన దూడకు మనమే పెట్టుకుంటే ఇంత తిరుగుడు ఎందుకు అని అడిగింది.

"పోయి వాళ్ళకు చెప్పు," అంది కస్తూరమ్మ. "నేను చెప్పీ చెప్పీ అరిగినాను."